తల్లి లేని మూడు పిల్లికూనలకి జలుబు, విరేచనాలు. సోమవారం దాకా ఇంట్లో ఏం చేయాలి?

వంశధార_ఒడ్డు (గుణుపూర్)
శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. మాది గుణుపూర్. పెరట్లో కట్టెల గుట్ట వెనక ఓ పిల్లి పిల్లల్ని పెట్టింది. బుధవారం నుంచి తల్లి కనబడటం లేదు. పిల్లలు మూడు, నెల దాటి ఉంటాయనుకుంటాను. పళ్ళు వచ్చాయి, నడుస్తున్నాయి. వాటిని లోపలికి తెచ్చి అట్టపెట్టెలో పెట్టాం.

చారలదానికి రెండు కళ్ళూ పుసి కట్టి అతుక్కుపోయాయి. ఒకటే తుమ్ములు, ముక్కు కారుతోంది, తిండి ముట్టట్లేదు. నల్లదానికి నిన్నటి నుంచి నీళ్ళ విరేచనాలు. ప్యాకెట్ పాలలో సగం నీళ్ళు కలిపి పట్టాం. తెల్లది హుషారుగానే ఉంది గానీ తెగ గోక్కుంటోంది. ఇక్కడ రాత్రిళ్ళు చలి బాగా ఉంది.

పశువుల ఆసుపత్రి మళ్ళీ సోమవారం పొద్దున్నే తెరిచేది. మా నాన్నమ్మ వెల్లుల్లి, వాము నూరి తేనెతో నాకించమంటోంది. కళ్ళలో ఆముదం వేయమంటోంది. పక్కింటి అత్త చంటిపిల్లల జ్వరం సిరప్ రెండు చుక్కలు పోస్తే చాలంటోంది. ఇంగ్లీషు మందులకంటే ఇంటి వైద్యమే మేలని నాకూ ఉంది, కానీ ఇంత చిన్న ప్రాణాలకి ఏదైనా పట్టాలంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి_గట్టు (రాయగడ)

మా ఇంట్లో అయితే గోరువెచ్చటి పాలలో చిటికెడు పసుపు. బొచ్చులో పురుగులుంటే వేపనూనె రాయండి, పోతాయి. ముక్కు దిబ్బడకి పెట్టెలో కర్పూరం బిళ్ళ పెట్టండి. అన్నీ ప్రకృతి మందులే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ భయం లేదు.

పాత_ఎల్ఐ (పర్లాకిమిడి)

అమ్మా, నేను ఒడిశా పశుసంవర్ధక శాఖలో లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. సర్వీసంతా గజపతి, రాయగడ జిల్లాల ఊళ్ళలోనే గడిచింది. ఉద్యోగం ఆవులతో, మేకలతో. పిల్లులు ఇంట్లో ఎప్పుడూ ఉన్నాయి. నేను డాక్టరుని కాను, సోమవారం డాక్టరుకి చూపించడం మానొద్దు. అప్పటిదాకా వాటిని నిలబెట్టే పని మాత్రం ఇంట్లోనే జరగాలి, జరుగుతుంది కూడా.

ముందు వద్దన్నవి చెప్తాను. ఈ రాత్రి ప్రాణం తీసేవి అవే.

జ్వరం సిరప్ ఒక్క చుక్క కూడా పోయకండి. అందులో ఉండేది పారాసిటమాల్. పిల్లికి అది విషం, ఇంత పోస్తే ఫరవాలేదనే మోతాదే లేదు. ఒక్క 500 మి.గ్రా. బిళ్ళ ఎదిగిన పిల్లినే చంపగలదు. రక్తం ఆక్సిజన్ మొయ్యలేక చాక్లెట్ రంగుకి తిరుగుతుంది, చిగుళ్ళు గోధుమరంగో నీలమో అవుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. అత్తగారు మంచిమనసుతోనే చెప్పారు, కానీ ఈ విషయం ఆవిడకీ చెప్పండి, రేపు ఇంకొకరికి చెప్పకుండా ఉంటారు.

వెల్లుల్లి, ఉల్లి ఏ రూపంలోనూ వద్దు. అవి పిల్లి ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. నాలుగు వందల గ్రాములుండే కూనలో ఉన్న రక్తమే కొంచెం.

వేపనూనె, కర్పూరం, నీలగిరి తైలం, బామ్‌లు, బీరువాలో పెట్టే కలరా ఉండలు, ఇవన్నీ ఆ పెట్టెకి దూరంగా ఉంచండి. రాయగడ మిత్రులు ఏమీ అనుకోకండి, ఇది గట్టిగానే చెప్పాలి. నేను నాటు వైద్యానికి వ్యతిరేకిని కాను. ఆవుకి పొదుగువాపు వస్తే 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరి పూయించినవాడినే. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ వాళ్ళూ అదే చెప్తారు. అదే ముద్దని పిల్లికి పూస్తే ఏమవుతుంది? పూసింది పూసినట్టు నాకేస్తుంది. కలబంద కడుపులోకి పోయి వాంతులు, విరేచనాలు. పిల్లి ఒంటికి రాసిందేదైనా నోట్లో పోసినట్టే లెక్క.

ఇంకో కారణం దాని కాలేయం. పిల్లి తరతరాలుగా మాంసం మీదే బతికిన జంతువు. మొక్కల్లో ఉండే ఘాటు పదార్థాల్ని విరిచి బయటికి పంపే ఒక ఎంజైము మనకి, కుక్కకి, ఆవుకి ఉన్నట్టు దానికి సరిగా లేదు. పారాసిటమాల్ దాన్ని చంపేదీ, ఘాటు తైలాలు దానికి పడనిదీ ముఖ్యంగా ఈ లోపం వల్లే. అందుకే మొక్క మందు కదా, ఏం కాదులే అన్న మాట పిల్లి దగ్గర చెల్లదు.

ఇక ఈ రాత్రి చేయాల్సినవి. మొట్టమొదట వెచ్చదనం. చిటికెన వేలు కూన నోట్లో పెట్టి చూడండి. లోపల చల్లగా తగిలితే అది చలికి పడిపోతోందని అర్థం. అలాంటప్పుడు పాలూ వద్దు, తిండీ వద్దు. చల్లబడ్డ కడుపు అరిగించుకోలేదు, మింగే శక్తి లేక పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చబెట్టాలి, తర్వాతే తిండి. పాత మేజోడులో బియ్యం పోసి మూతి కట్టి పెనం మీద వేడి చేయండి. లేదా సీసాలో వేడినీళ్ళు పోసి తువ్వాలు చుట్టండి. మీ ముంజేతికి ఆనించి చూసుకుని పెట్టెలో ఒక పక్కనే పెట్టండి, రెండో పక్క ఖాళీగా వదలండి. వేడెక్కితే అవే జరుగుతాయి. చల్లారిన సీసా ఉన్న వేడిని లాగేస్తుంది, రాత్రి లేచి మార్చాలి. వెచ్చబడ్డాక కూడా నీరసంగా తల వాల్చేస్తుంటే ఒక చుక్క తేనె గానీ చక్కెర నీళ్ళు గానీ చిగుళ్ళకి రాయండి. నాన్నమ్మగారి తేనె అలా పనికొస్తుంది.

ప్యాకెట్ పాలు ఆపేయండి. ఆవు పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర వాటికి అరగదు, నీళ్ళు కలిపితే బలం తగ్గుతుందే తప్ప విరేచనం ఆగదు. మేకపాలలోనూ లాక్టోజ్ దాదాపు అంతే ఉంటుంది, అవీ వద్దు. పిల్లికూనల పాలపొడి అసలైనది, అది బరంపురంలోనో శ్రీకాకుళంలోనో అడగాలి. కానీ మీవాటికి పళ్ళు వచ్చాయి కదా, పాలకంటే మాంసమే ముఖ్యం. చికెన్ ముక్క ఉప్పు, పసుపు, ఉల్లి, మసాలా ఏమీ లేకుండా మెత్తగా ఉడికించి ఎముక తీసేసి, ఉడికిన నీళ్ళతోనే గుజ్జు చేయండి. అన్నం కొంచెం కలిపితే తప్పులేదు, అన్నం మీదే ఉంచకూడదు. పిల్లి గుండెకి, కంటిచూపుకి కావలసిన టారిన్ మాంసంలోంచే రావాలి.

నోటికి పట్టేటప్పుడు కూనని వెల్లకిలా పెట్టకండి. బోర్లా, తల్లి దగ్గర పాలు తాగే తీరులోనే పట్టుకుని, సూది లేని సిరంజితో బుగ్గ పక్కనుంచి చుక్కచుక్కగా వేయండి. మింగాకే ఇంకో చుక్క.

కళ్ళు. ఆముదం వద్దు. కాచి చల్లార్చిన అర లీటరు నీళ్ళలో ముప్పావు టీస్పూను ఉప్పు కలపండి. మెడికల్ షాపులో సెలైన్ దొరికితే ఇంకా మంచిది. దూది తడిపి గోరువెచ్చగా కంటి మీద అలా ఆనించి ఉంచితే పుసి నానుతుంది. అప్పుడు ముక్కు వైపు మూల నుంచి బయటికి తుడవాలి. ఒక కంటికి ఒక దూది, మళ్ళీ వాడొద్దు. రెప్పలు గోటితో లాగి విడదీయకండి. ఇంట్లో ఎప్పటివో కంటి చుక్కలుంటే వేయకండి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉన్న చుక్కలు కనుగుడ్డు మీద పుండు ఉంటే దాన్ని పెంచుతాయి, కన్నే పోవచ్చు.

ముక్కు దిబ్బడకి వట్టి ఆవిరి చాలు. స్నానాల గదిలో బకెట్ వేడినీళ్ళు పెట్టి తలుపు మూసి, కూనని ఒళ్ళో పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. నీళ్ళలో ఏమీ వేయొద్దు. వాసన తెలియకపోతే పిల్లి తినదు. ముక్కు తుడిచిన వెంటనే వెచ్చటి చికెన్ గుజ్జు వేలితో పై పెదవికి రాసి చూడండి. నాకిందంటే దారిలో పడినట్టే.

వంశధార_ఒడ్డు (గుణుపూర్)
ఆదివారం పొద్దున్న

బాబాయ్ గారూ, చాలా థాంక్స్. అత్తకి మీ మెసేజ్ చదివి వినిపించాను. ఆవిడే బియ్యం మేజోడు కుట్టి పంపింది. చారలదాని నోరు చల్లగానే ఉంది. వెచ్చబెట్టాక కాస్త తెప్పరిల్లింది, ఆవిరి పట్టాక గుజ్జు నాకింది. ఒక కన్ను తెరుచుకుంది. రెండో కన్ను వాచి, రెప్ప కింద చీము ఉన్నట్టుంది.

నల్లదానికి విరేచనాలు తగ్గలేదు. వాంతి మాత్రం లేదు. ఓఆర్‌ఎస్ పట్టొచ్చా? తెల్లదాని బొచ్చులో నల్లటి రవ్వలు కనిపిస్తున్నాయి, మట్టిలా ఉన్నాయి. మా అమ్మ గది ఫినాయిల్‌తో కడుగుతానంటోంది. ఇంకో సంగతి, తిండి పెడుతుంటే మా తమ్ముడి వేలు చారలది కొరికింది, కొంచెం రక్తం వచ్చింది. చిన్న కూనే కదా అని వదిలేశాం.

పాత_ఎల్ఐ (పర్లాకిమిడి)

తమ్ముడి సంగతి ముందు. ఇప్పుడే సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడగండి. ఇవాళే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి, అక్కడ రేబిస్ టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చింది కాబట్టి టీకా పనిచేసేలోపు కాపాడే ఇమ్యూనోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా కావాలా అని డాక్టరుని అడగండి. కూన చిన్నదా పెద్దదా అన్నది లెక్కలోకి రాదు. దాని తల్లి ఎక్కడ తిరిగిందో, దేన్ని కరిచిందో, దేని చేత కరిపించుకుందో మనకి తెలియదు. పసుపు అద్ది కట్టు కట్టేసి ఊరుకోవద్దు.

ఓఆర్‌ఎస్ పట్టొచ్చు. ప్యాకెట్ మీద రాసినట్టే కొలిచిన నీళ్ళలో కలిపింది వాడండి, రంగురంగుల డబ్బా డ్రింకులు వద్దు. అర మిల్లీలీటరు చొప్పున పావుగంటకోసారి. భుజాల మధ్య చర్మం రెండు వేళ్ళతో పైకి లాగి వదలండి. చటుక్కున వెనక్కి పోతే మంచిదే. గుడారంలా నిలబడి నెమ్మదిగా పడిందంటే ఒంట్లో నీళ్ళు బాగా తగ్గాయి. అప్పుడు నోటితో పట్టింది చాలదు, డాక్టరు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. చిగుళ్ళు కూడా తాకి చూడండి, తడిగా జారాలి, వేలికి అంటుకోకూడదు.

నల్లదాన్ని వేరే పెట్టెలో పెట్టండి. దాన్ని ముట్టుకున్నాక చేతులు కడుక్కునే మిగతావాటిని ముట్టుకోండి. నా భయం పాన్‌ల్యూకోపీనియా. అది పిల్లుల్లో వచ్చే పార్వో జబ్బు, టీకా లేని కూనల్ని ఇట్టే ఎత్తుకుపోతుంది. వాంతులు మొదలైనా, నీళ్ళ గిన్నె మీద తల వంచుకుని తాగకుండా కూర్చున్నా, రక్తం పడినా సోమవారం దాకా ఆగొద్దు. ఆదివారమైనా ఫోన్ చేసి డాక్టరుని పట్టుకోవాల్సిందే. మీకు రైలు ఉంది. విశాఖ పాసింజరు వెళ్ళే దారిలోనే గరివిడి, అక్కడ పశువైద్య కళాశాల ఉంది. సోమవారం ఇక్కడ కుదరకపోతే అటు వెళ్ళొచ్చు. సరిహద్దు దాటి పాతపట్నం వైపు చుట్టాలెవరైనా ఉంటే ఆంధ్రలో 1962కి ఫోన్ చేసి పశువుల అంబులెన్సు గురించి కనుక్కోమనండి.

ఫినాయిల్ వద్దని అమ్మగారికి చెప్పండి. అందులోని ఫినాల్ జాతి మందులు పిల్లికి పడవు. అది నేల మీద నడిచి పాదాలు నాక్కుంటుంది. పైగా పార్వో వైరస్‌కి ఫినాయిల్ లెక్కే లేదు, ఇంట్లో ఏడాది దాకా బతికుంటుంది. ముందు సబ్బుతో నేల కడిగి, బట్టలకి వాడే బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకి 32 వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి, ఆరాకే కూనల్ని వదలండి. ఫినాయిల్‌తో బ్లీచింగ్ ఎప్పుడూ కలపొద్దు.

తెల్లదాని రవ్వలు తడి దూది మీద వేసి చూడండి. చుట్టూ ఎర్రటి మరక పాకితే అది మట్టి కాదు, బొచ్చులో గెంతే పురుగుల రెట్ట, అంటే కూన రక్తమే. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉంటే సోమవారం డాక్టరుకి మొట్టమొదట ఈ సంగతే చెప్పాలి. ఈ లోపు పేల దువ్వెనతో దువ్వి, దువ్వెనని సబ్బునీళ్ళలో ముంచుతూ ఉండండి. హుషారుగా ఉన్న కూన కాబట్టి మధ్యాహ్నం ఎండలో గోరువెచ్చటి నీళ్ళు, కొద్దిగా చంటిపిల్లల సబ్బుతో స్నానం చేయించి వెంటనే పొడిగా తుడవొచ్చు. మిగతా రెండిటికీ స్నానం వద్దు. పశువుల పిడుదులకి కొట్టే డెల్టామెత్రిన్, కుక్కలకి వేసే పెర్మెత్రిన్ పొడి పొరపాటున కూడా తేకండి. పిల్లి వణికి వణికి పోతుంది. ఊళ్ళలో ఆవుకి కొట్టగా మిగిలిన నీళ్ళు పిల్లికి పోసినవాళ్ళని చూశాను, అందుకే ఇంతగా చెప్తున్నాను.

నాగావళి_గట్టు (రాయగడ)

ఎల్ఐ గారూ, మీరు చెప్పింది అర్థమైంది, వేపనూనె సీసా లోపల పెట్టేశాను. మరి ఇంటి వైద్యంలో పిల్లికి పనికొచ్చేవి ఏమీ లేవా? దెబ్బకి పసుపు కూడా వద్దా?

పాత_ఎల్ఐ (పర్లాకిమిడి)

లేకేం. ఎదిగిన పిల్లికి మలబద్ధకమైతే ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు చెంచాడు తిండిలో కలపండి, తాళింపు లేకుండా. పిల్లి మెత్తబడినప్పుడు ఉప్పు లేని చికెన్ నీళ్ళు, పొద్దుటి ఎండ, చీకటిగా ప్రశాంతంగా ఉండే మూల, ఇవన్నీ మందులే. దెబ్బకి ఇందాక చెప్పిన ఉప్పునీళ్ళతో కడగడం పసుపుకంటే మేలు. పసుపు పొడి గాయంలో అట్టకట్టి లోపల చీము దాచేస్తుంది. పిల్లులు కొట్టుకున్నప్పుడు పడే పంటిగాటు పైకి చుక్కలా మూసుకుపోయి లోపల గడ్డ కడుతుంది, దానికి యాంటీబయాటిక్ కావాలి, అది డాక్టరే రాయాలి. జాజిపువ్వు ఫరవాలేదు గానీ ఇంట్లో లిల్లీ పూల కుండీ ఉంటే తీసేయండి, అసలైన లిల్లీ జాతి పూల పుప్పొడి నాకినా పిల్లికి మూత్రపిండాలు పోతాయి.

ఇంకోటి. ఎదిగిన పిల్లి, అందులోనూ లావుగా ఉన్నది, రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి కామెర్లు వస్తాయి. లంఖణం పరమౌషధం అన్న మాట పిల్లికి వర్తించదు.

ప్రాణహిత_వాకిలి (సిరొంచ)

మధ్యలో వస్తున్నందుకు మన్నించాలి. మాది గడ్చిరోలి జిల్లా. మా మగపిల్లి నిన్న రాత్రి నుంచి మాటిమాటికీ మూలకి పోయి కూర్చుని ముక్కుతున్నది, ఒక్క చుక్కే పడుతున్నది, అరుస్తున్నది. మలబద్ధకమని గుమ్మడి పెడదామనుకుంటున్న. బార్లీ నీళ్ళు పట్టమంటున్నరు.

పాత_ఎల్ఐ (పర్లాకిమిడి)

బాబూ, ఏమీ పెట్టకు, ఏమీ పట్టకు. అది మూత్రం బందైన లక్షణం. మగపిల్లికి ఆ దారి చాలా సన్నం, ఇసుకలాంటి పలుకులో జిగురో అడ్డుపడుతుంది. పొట్ట కింద నిమ్మకాయంత గట్టిగా తగులుతుందేమో మెల్లగా చూడు, నొక్కొద్దు. ఒకటి రెండు రోజుల్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. బార్లీ నీళ్ళతో సంచి ఇంకా నిండుతుంది. గొట్టం వేసి తీయగలిగే డాక్టరు కావాలి. ముందు ఫోన్లు చేసి, గొట్టం వేస్తారా అని అడిగి, ఎక్కడ ఉన్నారంటే అక్కడికి ఇవాళే వంతెన దాటి తెలంగాణ వైపు బయల్దేరు. వరంగల్ పక్కన మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, దగ్గరలో ఎవరూ దొరక్కపోతే అటే.

ప్రాణహిత_వాకిలి (సిరొంచ)

మంచిర్యాలలో ఒక డాక్టరు గొట్టం వేస్తనన్నడు. బండి మాట్లాడిన, పోతున్నం.

వంశధార_ఒడ్డు (గుణుపూర్)
సోమవారం సాయంత్రం

బాబాయ్ గారూ, పొద్దున్నే మూడింటినీ తీసుకెళ్ళాం. చారలదానికి క్యాట్ ఫ్లూ అన్నారు, కంటికి యాంటీబయాటిక్ చుక్కలు, నోటికి సిరప్ రాశారు. వాచిన కంటి మీద తెల్లటి మచ్చ ఉంది, చూపు ఎంత మిగులుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. నల్లదానికి చర్మం కింద సెలైన్ ఎక్కించారు. పార్వోలా లేదు, పాలు పడకా పురుగుల వల్లా అయి ఉంటుందన్నారు. మూడింటికీ నులిపురుగుల మందు ఇచ్చారు. తమ్ముడికి నిన్ననే మొదటి ఇంజెక్షన్ అయింది. నల్లది ఇప్పుడు గుజ్జు తింటోంది. టీకాలు ఎప్పుడు వేయించాలి?

పాత_ఎల్ఐ (పర్లాకిమిడి)

మంచి కబురు చెప్పావమ్మా. కంటి చుక్కలు ఎన్నిసార్లు రాశారో అన్నిసార్లూ వేయండి, రాత్రి కూడా. తగ్గినట్టుందని మధ్యలో ఆపొద్దు.

జబ్బు పూర్తిగా తగ్గాకే టీకా. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది. మూడు నాలుగు వారాలకోసారి మళ్ళీ వేస్తూ పదహారు వారాలు నిండేదాకా తీసుకెళ్ళాలి. పార్వోకి, ఫ్లూకి కలిపి ఒకే టీకా ఉంటుంది. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. పిల్లి టీకా మీ ఊళ్ళో నిల్వ ఉండకపోవచ్చు, డాక్టరు గారికి ముందే చెప్పి తెప్పించుకోండి, తెచ్చేటప్పుడు ఐసులో రావాలి. నులిపురుగుల మందు ఒక్కసారితో అయిపోదు, రెండు వారాలకి మళ్ళీ వేయించాలి.

రోజూ ఒకే వేళకి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి కాగితం మీద రాయండి. రోజుకి పదీ పదిహేను గ్రాములు పెరగాలి. ఒక రోజు పెరగకపోతే కనిపెట్టుకుని ఉండండి, తగ్గితే ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తమ్ముడి రెండో ఇంజెక్షన్ బుధవారం.